గవరయ్య పలికిన పేరు

కిందటి వారం సన్యాసమ్మ గొడుగు మడిచి చంకలో పెట్టుకుని, బోర్డుకి ఎదురుగా నిలబడి, "మా తమ్ముడి పేరేదే?" అని నన్ను నిలదీసిన చోట ఆగాం.

మధ్యలో వచ్చి చేరిన వాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతాను. నా పేరు నూకరత్నం. కౌలాలంపూర్‌లో కాలేజీ పిల్లలకి చరిత్ర చెబుతాను. రాజులూ కోటలూ నా వల్ల కాదు. నాది కూలీల చరిత్ర, అందులోనూ మా సుంగై కెలాపా కొబ్బరితోట లైనిళ్ళ, అంటే కూలీల వరసిళ్ళ చరిత్ర. జపానోళ్ళ కాలంలో, నలభై మూడో సంవత్సరంలో, మూడు నెలల పనని చెప్పి ఈ తోట మగాళ్ళని సయాం దేశపు అడవుల్లో రైలుదారి వెయ్యడానికి లారీలెక్కించి తీసుకుపోయారు. ఎవరెవరు పోయారు, ఎవరు తిరిగి రాలేదు అన్నది తేల్చడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది. రానివాళ్ళు ముప్ఫై ఎనిమిది మంది. వాళ్ళ పేర్లు టేకు బోర్డు మీద తెల్లరంగుతో రాయించి, మూతపడ్డ మా తెలుగు బడి గోడకి ఎక్కించాను. ఆదివారం దాని ఆవిష్కరణ. అందులో మూడో పేరు సింహాద్రి. మా అయ్య. ఆయన లారీ ఎక్కిన ఆరు నెలలకి నేను పుట్టాను.

సన్యాసమ్మ వచ్చింది శుక్రవారం మధ్యాహ్నం. ఆవిడ మా గవరయ్య మామకి అక్క. అంచేత నాకు పెద్దమ్మ వరస. ఇప్పుడు అడుగుతున్నదీ ఆ గవరయ్య పేరే.

నాకు నవ్వొచ్చింది. "బతికున్న మనిషి పేరు పోయినవాళ్ళ బోర్డు మీద రాయమంటావేమిటి పెద్దమ్మా? మామ నది అవతల తోటలో నిక్షేపంలా ఉన్నాడుగా!"

"నవ్వకు," అంది. "నవ్వించడానికి రెండు బస్సులు మారి రాలేదు నాను."

ముసలితనం, మతి జారిందేమో అనుకున్నాను. బెంచీ చూపించి ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చాను. తాగింది కానీ కూర్చోలేదు. గది అంతా కలియతిరగడం మొదలుపెట్టింది. గది నిండా నేను లైనిళ్ళ నించి అడిగి తెచ్చిన సామాన్లే. అంచులు పెచ్చులూడిన ఎనామిల్ పళ్ళాలు, కిరసనాయిలు బుడ్లు, బడిపిల్లల పలకలు, కొబ్బరిడొక్క ఒలిచే ఇనప గునపం. ముట్టుకోకూడదని గునపం చుట్టూ తాడు కట్టి చీటీ అంటించాను.

"ఇదేటే, గునపానికి గుడి కట్టినావు?" అంది. "మా ఇంట్లో మొన్న కూడా దీంతోనే కాయలొలిసినాను. నన్నూ ఓ మూల నిలబెట్టి తాడు కట్టీ, వచ్చినోళ్ళు సూసి పోతారు."

నిజం చెప్పొద్దూ, ఆవిడ అలా ఒక్కొక్కటీ ముట్టుకుంటూ మాట్లాడుతుంటే నా చీటీలన్నీ చప్పబడిపోయాయి. పదకొండేళ్ళు చదివి నేను 'వంట పాత్ర' అని రాసిన దాన్ని ఆవిడ చేతిలోకి తీసుకుని, "అచ్చియ్యమ్మ దాలిగిన్నె! సొట్ట సూడు, నాను పడీసినదే" అంది. అచ్చియ్యమ్మ మా అమ్మ. ఆ గిన్నెలో ఉడికిన కర్రపెండలం వాసన, దానిమీద ఉప్పుచేప ముక్క, పొద్దున్నే కొబ్బరి ఎండబెట్టే పొగగూళ్ళలోంచి వచ్చి గుడ్డలకీ జుట్టుకీ పట్టేసే ఆ పొగ, అన్నీ ఒక్కసారి చుట్టుముట్టాయి. ఆ పొగవాసన కోసం నేను పట్నంలో ఎన్నిసార్లు కిటికీ తీసి చూశానో! ఇప్పుడా పొగగూళ్ళు లేవు. కొబ్బరి కొట్టేసి ఆయిల్‌పామ్ వేశారు.

"కబుర్లకేంగానీ పెరట్టు పుస్తకం తియ్యి," అంది సన్యాసమ్మ హఠాత్తుగా.

పెరట్టంటే మా తోటల్లో తెల్లారగట్ట హాజరు. చీకటుండగానే అందరూ వరసగా నిలబడితే కిరాణీ అనే ఆఫీసు గుమాస్తా లాంతరు పెట్టుకుని పేర్లు పిలిచేవాడు. పలికినవాడికి గీత పెట్టేవాడు. గీత ఉంటే కూలి, లేకపోతే పస్తు. ఆ పుస్తకాలు దొర బంగళా అటక మీద చెదలు పట్టి దొరికితే, బిడ్డని ఎత్తుకొచ్చినట్టు ఎత్తుకొచ్చాను. నా పరిశోధనకి ప్రాణం అవే.

తీసి చూపించాను. నాలో పంతులమ్మ మేలుకుంది. "ఇదిగో, ఇది జూన్ పద్నాలుగు. లారీ పోయిన రోజు. సింహాద్రి పేరు ఎదురుగా గీత ఇక్కడితో ఆఖరు. ఆ తరవాత అంతా ఖాళీ. ఇదిగో గవరయ్య. మర్నాటి నించి జపానోళ్ళు పోయేదాకా ఒక్క రోజు నాగా లేదు. ఎవరు వెళ్ళారో, ఎవరున్నారో నేను చెప్పడంలేదు పెద్దమ్మా, కాగితం చెబుతోంది."

"ఆ గీత ఎవులికి పెడతాడే కిరాణీ?"

"పలికినవాళ్ళకి."

"మొకం సూసి పెడతాడా, పలుకు విని పెడతాడా?"



దానికి జవాబు తోటలో పుట్టిన ప్రతి పిల్లకీ తెలుసు. కిరాణీ తల ఎత్తేవాడు కాదు. పక్కింటివాడికి జ్వరమొస్తే, వాడి పేరు పిలిచినప్పుడు గొంతు కాస్త మార్చి మనమే 'ఉన్నాను' అనాలి. తరవాత వాడి వంతు చెట్ల కాయలు కూడా పంచుకుని దింపాలి. రేపు మనకి జ్వరమొస్తే వాడు పలుకుతాడు. దీనిమీద నేను పెద్ద వ్యాసమే రాశాను. మెచ్చుకున్నారు కూడా. అంత రాసినదాన్ని, లారీ రోజు పేజీ చూసినప్పుడు మాత్రం గీతని మనిషే అనుకున్నాను. ఎంత చదివితే ఏం లాభం!

సన్యాసమ్మ అప్పుడు కూర్చుంది.

"ఆ ముందు రాత్రంతా మీ అమ్మకి ఒకటే వాంతులు. నువ్వు కడుపులో ఉన్నావు. మీ అయ్య పెరట్టుకి రానేదు. అలాటప్పుడు మా గవరయ్యే పలికేవోడు. ఇద్దరూ జోడెడ్లే. కిరాణీ పేర్లు పిలస్తన్నాడు. సింహాద్రీ అన్నాడు. మావోడు ఉన్నాను అన్నాడు. రోజూ పలికినట్టే. అప్పుడు సూసినాం, పక్కన చీకట్లో జపానోడు నిలబడున్నాడు. పలికినోళ్ళని పలికినట్టు లారీ ఎక్కించీసినాడు."

"నేను కాదు సింహాద్రినని చెప్పొచ్చుగా?"

"చెప్పొచ్చు. నోరు తెరవలేదు మావోడు. అలవాటు కొద్దీ పలికి ఇరుక్కున్నాడో, ముందే సూసి తెలిసే పలికినాడో, ఆ ఒక్క సంగతీ నాకు తెలీదే రత్నం. నలబై అయిదేళ్ళనించి అదే ఆలోచిస్తన్నాను. పంతొమ్మిదేళ్ళోడు. లారీ మీంచి సెయ్యూపి, మూడు నెలల్లో వచ్చెత్తాలే అక్కా, అమ్మకి సెప్పు అన్నాడు."

 నేను పేజీలో సింహాద్రి పేరు పక్కనున్న ఆ ఆఖరు గీత మీద వేలు పెట్టాను.

"మరి మా అయ్య?" అన్నాను.

"లారీ వెనక ఏటొడ్డు దాకా పరిగెత్తినాడు. అందనేదు. కిరాణీ కాడికి పోయి నిజం సెప్పీత్తానంటే పెద్దోళ్ళు పట్టుకుని ఆపినారు. సెబితే నిన్నూ ఎక్కిత్తారు, ఆణ్ణి దింపరు అన్నారు. మర్నాడు పెరట్టులో గవరయ్యా అని పిలిస్తే ఎవులో ఒకలు పలకాల కదా. పలక్కపోతే పారిపోయినాడని మా అమ్మని కొడతారు. మీ అయ్యే పలికినాడు."

నాకు అర్థమవుతోంది. అర్థం కాకూడదని మొండికేస్తున్నాను. ఆవిడ నా మొహం చూసి, చిన్నపిల్లకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పింది.

"పుట్టిన కాడి నించీ నన్ను పెద్దమ్మా అంటన్నావు. ఎన్నిసార్లు నోటి దాకా వచ్చిందో! ఆడు మా అమ్మకి కొడుకైనాక, నాకు తమ్ముడైనాక, నువ్వు నాకు మేనకోడలివి కాదేటే? అత్తా అను."

గవరయ్య మామ.

నది దాటి, సైకిలు మీద, ఏడాదికి మూడు నాలుగుసార్లు వచ్చేవాడు. హేండిలుకి రంబుటాన్ పళ్ళ గుత్తి వేలాడేది. ఎప్పుడూ ఇంట్లోకి వచ్చేవాడు కాదు. గుమ్మం మెట్టు మీద కూర్చునేవాడు. అమ్మ బయటికి రాదు. తలుపు వెనక నించే, "మామకి టీ ఇచ్చిరా" అని గ్లాసు నా చేతిలో పెట్టేది. పంచదార రేషన్లో వచ్చే రోజుల్లో కూడా ఆ టీలో మూడు చెంచాలు వేసేది. వీళ్ళిద్దరికీ ఏదో పాత తగాదా ఉందని నేను అనుకునేదాన్ని. ఒకసారి అడిగితే అమ్మ చెంప ఛెళ్ళుమనిపించింది. అదే మొదలు, అదే ఆఖరు.

నా పలక ఆయన కొన్నదే. బడి వార్షికోత్సవానికి నేను పద్యం చెబుతుంటే వెనక గోడకి ఆనుకుని నిలబడి ఉండేవాడు. ఇంటికొచ్చి, "ఏదీ, ఇంకోసారి సెప్పు గుంటా" అనేవాడు. రెండోసారీ చెప్పేదాన్ని. మూడోసారి కూడా అడిగేవాడు. నేను విసుక్కునేదాన్ని. కాలేజీకి పోయే రోజున రేకుపెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా మోశాడు. బస్సు కదులుతుంటే అందరూ ఏదో ఒకటి చెప్పారు, జాగ్రత్తనీ, ఉత్తరం రాయమనీ. ఆయన మాత్రం కిటికీ ఊచ పట్టుకుని నాలుగడుగులు నడిచి వదిలేశాడు. ఆయన వచ్చినందుకు సంతోషమే, కానీ మా అయ్య ఉండి ఉంటే ఎంత బాగుండునో అని దారంతా ఏడ్చాను. నా ఖర్మ కాకపోతే ఏమిటిది!

రెండేళ్ళ కిందట అమ్మ పోయింది. బొట్టు చెరపకుండా, గాజులు తియ్యకుండా ముత్తైదువలాగే పంపాలని ముసలివాళ్ళంతా పట్టుబట్టారు. సయాం నించి మొగుడు రాని ఆడవాళ్ళ ఎదురుచూపు అది అని నేను వ్యాఖ్యానించాను. వ్యాఖ్యానించడమేమిటి, సింగపూరు సభలో పేపరు కూడా చదివాను. గవరయ్య మామ ఆ రోజు వచ్చి, లైను చివర కాలవ గట్టు మీద ఒక్కడూ కూర్చున్నాడు. నేనే వెళ్ళి మజ్జిగ ఇచ్చాను. నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు తియ్యలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"యుద్ధం రెండేళ్ళలో అయిపోయిందిగా!" అని అరిచాను. "తరవాత ఎందుకు చెప్పలేదు? నలభై మూడేళ్ళు! అందరికీ తెలుసా? లైనంతా తెలుసా? నా ఒక్కదానికే తెలీదా?"

"పెద్దోళ్ళందరికీ తెలుసు."

"నేను అరవై రెండు మందిని అడిగానే! టేపురికార్డరు పెట్టి, ఒక్కొక్కళ్ళనీ గంటలు గంటలు అడిగానే!"

"ఏటన్నారు?"

ఏమన్నారా? లారీ రోజు పెరట్టు దగ్గరికి వచ్చేసరికి ప్రతివాళ్ళూ, "అది ఆపమ్మా రత్నం" అన్నారు. అమ్మ కూడా అంది. నేను మర్యాదగా ఆపేశాను. దుఃఖం అనుకున్నాను. అరవై రెండు టేపులు, అరవై రెండూ ఒకే చోట ఆగాయి. అయినా నాకు అనుమానం రాలేదు. 'ఇక్కడ బాధతో మాట రాలేదు' అని అందంగా రాసుకున్నాను. కొత్తగా చేరిన కుర్రాడు ఇలాంటి పని చేస్తే ఫెయిలు చేసి పంపేదాన్ని.

సన్యాసమ్మకి నా కోపం పట్టలేదు. "సయాం నించి ముగ్గురొచ్చినారు నలబై ఆరులో. సింహాద్రి పోయినాడు, మా సేతులతో పూడ్సినాం అన్నారు. అక్కడా మావోడిది ఆ పేరే కదా. విని మా అమ్మ మీ అయ్య రెండు సేతులూ పట్టుకుని, 'నువ్వున్నావు, నాకది సాలు రా గవరయ్యా' అంది. దానికి తెలుసో, తెలిసీ తెలీనట్టుందో! కొడుకు పోయాడని దానికి సెప్పే మొనగాడెవుడు? మీ అయ్య అమ్మోరి ముందు ఒట్టేసినాడు. నీ కొడుకొచ్చి నా పేరు నాకిచ్చినదాకా నాను నీ గవరయ్యనే అని. మమ్మల్ని తీసుకుని నది అవతలి తోటకి పోయాడు. తరవాత కమ్యూనిస్టుల కొట్లాటల రోజులు, తిరిగొచ్చిన తెల్లదొరలు అందరి సేతా ఏలిముద్రలేయించి కార్డులిచ్చారు. అబద్దం పేరని తెలిస్తే జైలే. ఇంకేటి సెప్తాడు?"

"అమ్మ ఒప్పుకుందా?"

"ఒప్పుకోకేం సేత్తాది? దాని బిడ్డ పుట్టింది, దాని మొగుడు బతికున్నాడు, అందరికీ అదేటి దొరికిందా? మా ఇంట్లో ముసిల్దానికి కొడుకు నేడు. మీ అమ్మే పంపింది, 'మీ అమ్మకాడ ఉండు' అని. మా తల్లీ, ఎంత మనిషి!"

ఇంతసేపూ ఆవిడ ఏడవలేదు. మా అమ్మ మాట వచ్చేసరికి ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం ఒకే బెంచీ మీద, బడిపిల్లల్లా పక్కపక్కన కూర్చుని ఏడ్చాం.

కాసేపటికి ముక్కు చీది, బోర్డు వైపు వేలు చూపించింది. "పేపర్లో మీ ముప్పై ఎనిమిది పేర్లూ ఏసినారు. మీ అయ్యే సదివి వినిపించినాడు. రెండుసార్లు సదివినాడు. గవరయ్య పేరు నేదు సన్యాసీ, అన్నాడు. నా మూలంగా పోయినోడికి సివరికి బోర్డు మీద కూడా సోటు నేదు, ఆడి సోట్లో కూడా నానే కూకున్నాను అన్నాడు. ఆ రాత్రి నించి కూడు ముట్టనేదు."

"మారుస్తాను అత్తా," అన్నాను. ఆ పిలుపు నోట్లోంచి దానంతట అదే వచ్చింది. "ఇవాళే పెయింటరుని పిలిపిస్తాను. సింహాద్రి తీసేసి గవరయ్య అని రాయిస్తాను. ఆదివారం ఆయన్ని ముందు కుర్చీలో కూర్చోబెడతాను. పద, ఇప్పుడే కారులో పోదాం ఆయన దగ్గరికి."

లేచి తాళాలు తీసుకున్నాను. ఆవిడ లేవలేదు.

"ఇంట్లో నేడు," అంది. "పట్నం ఆస్పత్రిలో ఉన్నాడు. పేగు మెలిపడిందంట. రేపు పొద్దున్నకి కొయ్యకపోతే దక్కడన్నారు. కోతకి ఒప్పుకోడంనేదు. మంచం కాడ అట్ట మీద గవరయ్యని రాసుంది కదా. ఆ పేరుతో కత్తి కింద సచ్చిపోతే, సచ్చినోణ్ణి మళ్ళీ సంపినట్టే అంటాడు. పోయినా ఉన్నా నా పేరుతోనే, ముందు అట్ట మీద సింహాద్రని రాయండని మొకం గోడకి తిప్పుకుని పడుకున్నాడు. నాను ఆ డాక్టరమ్మకి సెప్పి సూసినాను. ఆయమ్మ పేపరు తెచ్చి నాకు సదివి వినిపించింది. సింహాద్రి అనే మనిషి నలబై మూడులో సయాంలో సచ్చిపోయాడు, ఎవులో పెద్ద చదువుకున్న మనిషి పదకొండేళ్ళు ఎతికి తేల్చింది, నువ్వేటి ముసిల్దానా రుజువు లేకుండా సెప్తావు అంది."

ఆవిడ గొడుగు ఆనుకుని మెల్లగా లేచి, పెరట్టు పుస్తకం తీసి నా చేతుల్లో పెట్టింది.

"నువ్వే సంపినావు. నువ్వే బతికించు. తెల్లారేలోగా."